తెలుగు గేమింగ్ సర్వర్‌లో వేధింపులు: రూల్స్ రాసి ఉన్నాయి, అమలు చేయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ముందు ఒకసారి చెప్తాను, చదివే మిగతావాళ్ళకూ తెలుస్తుంది. బెంగళూరుకు ఉద్యోగాలకు, చదువులకు వచ్చిన తెలుగువాళ్ళ కోసం డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఒక సర్వర్ (గ్రూప్ లాంటిది) నడుపుతున్నారు. రాత్రిళ్ళు వాలరెంట్ ఆట, శని ఆదివారాలు బీజీఎంఐ అనే మొబైల్ ఆటలో కస్టమ్ రూమ్‌లు (మనవాళ్ళే పెట్టుకునే ప్రైవేట్ మ్యాచ్‌లు). ‘వేధింపులు సహించం’ అని రూల్స్ ఛానెల్‌లో మొదటి రోజు నుంచీ రాసే ఉంది. అయినా మీ టీమ్ ఐజీఎల్ (ఆటలో టీమ్‌ను నడిపించేవాడు) ఒక అమ్మాయిని వాయిస్‌లో పదేపదే ఇబ్బంది పెట్టాడు. ఆమె మ్యూట్ చేస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి పట్టుకుని మెసేజ్‌లు మొదలుపెట్టాడు. ఆమె గేమ్‌లో రిపోర్ట్ కొట్టినా ఏమీ జరగలేదు. ఇంకో అమ్మాయి ఎవరికీ ఏమీ చెప్పకుండా సర్వర్ వదిలేసింది. వచ్చే నెల టోర్నమెంట్ ఉంది, అతను లేకపోతే టీమే లేదని కొందరు అంటున్నారు. బ్యాన్ చేసినా కొత్త ఐడీతో వస్తాడని మీ భయం. పోలీసుల దాకా వెళ్ళొచ్చా, అమ్మాయిలకు విడిగా ఛానెల్ పెడితే సరిపోతుందా అని చివర్లో అడిగారు.

నేను బెంగళూరులోనే ఒక గేమ్ కంపెనీలో ప్లేయర్ సేఫ్టీ పని చేస్తాను. తెలుగు, కన్నడ, హిందీ రిపోర్టులు చదవడం, క్లిప్పులు వినడం, ఎవరి మీద ఏ చర్య తీసుకోవాలో తేల్చడం నా రోజువారీ పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ రూల్‌లో లోపమేమీ లేదు. ఆ రూల్ కింద ఫిర్యాదు వస్తే ఎవరు చూడాలి, ఎన్ని గంటల్లో చూడాలి, ఏం చేయాలి అన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. అందుకే ఆమె ఫిర్యాదు చేయగానే చర్చంతా అతని ఆట మీదికి, టోర్నమెంట్ మీదికి పోయింది.

ఈ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. అతనికి టైమ్‌అవుట్ పెట్టండి. డిస్కార్డ్‌లో వారం దాకా పెట్టొచ్చు, ఆ వారంలో అతను మెసేజ్ పెట్టలేడు, వాయిస్‌లోకి రాలేడు. విషయం తేలేదాకా పక్కన పెట్టామని అతనికి ఒక్క వాక్యంలో చెప్పండి. ఇది తీర్పు కాదు. ఆమె భయం లేకుండా లాగిన్ అవడానికి, మీరు తొందరపడకుండా ఆలోచించడానికి దొరికే సమయం. కోపంలో నేరుగా బ్యాన్ నొక్కకండి. తర్వాత నొక్కాల్సి వచ్చినా, పాత మెసేజ్‌లు తుడిచేయాలా అని అక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ‘ఏవీ తుడవొద్దు’ అన్నదే ఎంచుకోండి. గమనించకుండా నొక్కితే అతను గత ఏడు రోజుల్లో మీ సర్వర్‌లో రాసిందంతా పోవచ్చు, రేపు మీకు కావాల్సిన ఆధారాలు అవే.

ఆధారాల విషయంలో చాలామంది ఒక్క స్క్రీన్‌షాట్ కత్తిరించి దాచుకుంటారు. అది చాలదు. డిస్కార్డ్ సెట్టింగ్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి అతని యూజర్ ఐడీ కాపీ చేసుకోండి. పేరు, ఫొటో ఎన్నిసార్లు మార్చినా ఆ నంబరు మారదు. మెసేజ్ లింకులు కూడా కాపీ చేసి పెట్టుకోండి. ఆడిట్ లాగ్ (సర్వర్‌లో ఎవరు ఏ మార్పు, చర్య చేశారో చెప్పే చిట్టా) 45 రోజుల వరకే ఉంటుంది కాబట్టి దాన్ని ఇప్పుడే రికార్డ్ చేయండి. ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లను పంపినవాడు వెనక్కి తీసుకుంటే ఆమె ఫోన్‌లోంచి కూడా మాయమవుతాయి. కాబట్టి అతని ప్రొఫైల్ పేజీ నుంచి మొదలుపెట్టి, చాట్ మొత్తం మెల్లగా పైకి జరుపుతూ, తేదీలు కనబడేలా ఆమెను స్క్రీన్ రికార్డింగ్ తీసుకోమనండి. బ్లాక్ చేసే ముందు ‘ఇకమీదట నాకు ఎక్కడా మెసేజ్ చేయొద్దు’ అని ఒకే ఒక్కసారి స్పష్టంగా రాసి పంపడం మంచిది, ఆమెకు ఇష్టమైతేనే. చట్టం దగ్గర ఆ ఒక్క వాక్యం ఎంత పనికొస్తుందో కింద చెప్తాను.

ఆమెతో ఒక్క మోడరేటరే మాట్లాడాలి. నలుగురు నాలుగుసార్లు అడిగి అదే కథ చెప్పించుకోవడం కూడా ఆమెకు హింసే. అడగాల్సినవి రెండే: ఇప్పుడు నీకు ఏం కావాలి, నీ మెసేజ్‌లు నిర్ణయం తీసుకునే ఇద్దరికీ చూపించడానికి ఒప్పుకుంటావా. ‘నువ్వు ముందేమన్నావు’, ‘వాడు అలాంటోడు కాదే’, ‘సరదాకి అనుంటాడు’ అన్నవి దయచేసి ఎవరూ అనకండి. ఈ మాటలు విన్న అమ్మాయి రెండోసారి ఫిర్యాదు చేయదు, మీ ఆ రెండో సభ్యురాలిలాగే మౌనంగా వెళ్ళిపోతుంది.

ఇక అసలు చిక్కు, ఐజీఎల్. దీనిమీద కాస్త ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే నేను చూసిన కమ్యూనిటీల్లో చాలావరకు చెడింది ఇక్కడే. కొత్తగా వచ్చిన ఎవడో బూతులు తిడితే అందరూ కలిసి క్షణంలో బ్యాన్ చేస్తారు, అందులో ఎవరికీ ఖర్చు లేదు. బాగా ఆడేవాడు, కస్టమ్ రూమ్ కార్డులు కొనేవాడు, అడ్మిన్‌తో ఒకే పీజీలో ఒకే గదిలో ఉండేవాడు తప్పు చేసినప్పుడే ఖర్చు కనబడుతుంది. సర్వర్‌లోని ప్రతి ఒక్కరూ అప్పుడు మిమ్మల్ని గమనిస్తూ ఉంటారు, ముఖ్యంగా మైక్ ఎప్పుడూ ఆన్ చేయని అమ్మాయిలు. గేమింగ్‌లో చాలామంది అమ్మాయిలు అబ్బాయిల పేర్లతో ఐడీలు పెట్టుకుంటారు, మైక్ ఆపేసి ఆడతారు, తెలిసినవాళ్ళతో తప్ప లాబీలోకి రారు. మీ సర్వర్‌లో ఎంతమంది ఉన్నారో మీకే పూర్తిగా తెలిసి ఉండదు. ఇన్నాళ్ళూ ఫిర్యాదులు రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకోకండి. ఫిర్యాదు చేసినా లాభం లేదని వాళ్ళు ముందే లెక్క కట్టుకుని ఉండొచ్చు.

కాబట్టి నిర్ణయం తీసుకునేవాళ్ళు అతని స్క్వాడ్‌లో ఆడేవాళ్ళు కాకూడదు, అతని రూమ్మేట్ అస్సలు కాకూడదు. ఇద్దరు మోడరేటర్లు చాలు, వీలైతే ఒకరు అమ్మాయి. ఇద్దరికీ కుదరకపోతే మూడో మనిషిని పిలవండి. అతనికి కూడా తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వండి, రాతపూర్వకంగా, ఒక రోజు గడువుతో. కానీ ఆ మాటల్లో ‘టీమ్ పరిస్థితేంటి’ అన్నది ఉంటే దాన్ని పక్కన పెట్టండి. టోర్నమెంట్ సంగతి వేరే మీటింగ్‌లో, వేరే మనుషులు మాట్లాడుకోవాలి. సబ్‌స్టిట్యూట్‌ను ఈ వారమే ప్రాక్టీస్‌లో కూర్చోబెడితే ‘వాడు లేకపోతే ఎలా’ అన్న ఒత్తిడి సగం తగ్గుతుంది. మ్యాచ్ ఓడిపోవడం బాధే, నేను కాదనను. కానీ మీరు వివరించిన తీరు చూస్తే, అంటే మ్యూట్ చేసిన తర్వాత కూడా వేరే యాప్‌లో వెంటబడటం, నా దృష్టిలో ఇది సర్వర్ నుంచి తీసేయాల్సిన కేసే. వార్నింగ్‌తో ఆగేది కాదు.

ఎందుకు అలా అంటున్నానంటే, అన్ని తప్పులకూ ఒకే శిక్ష ఉండకూడదు, ఏది ఎంత తప్పో తేల్చడానికి ఒక కొలత ఉండాలి. మా పనిలో మేము బూతు ఎంత పెద్దదని చూడం, అది ఎవరి మీదికి వెళ్ళిందని చూస్తాం. చివరికి ఒక్కడే మిగిలి ఆడిన రౌండ్ (క్లచ్) పోయినప్పుడు తనను తానే తిట్టుకోవడం, టీమ్ మొత్తం చనిపోయాక గాల్లోకి అరవడం అలవాటు మాత్రమే. వద్దని చెప్తే చాలు. ఒక మనిషిని పట్టుకుని రౌండ్ తర్వాత రౌండ్ తిట్టడం రెండో మెట్టు. దానికి ఆ రాత్రికి మ్యూట్, మళ్ళీ చేస్తే కొన్ని రోజుల టైమ్‌అవుట్. అమ్మాయి అని, కులం పేరుతో, ప్రాంతం పేరుతో, యాసను పట్టుకుని దాడి చేయడం మూడోది. ఇక్కడ మొదటిసారికే బరువైన శిక్ష ఉండాలి, ఎందుకంటే దెబ్బ ఆ ఒక్కరితో ఆగదు, అదే గుర్తింపు ఉన్న ప్రతి ఒక్కరికీ తగులుతుంది. ఇక గేమ్ దాటి వెంటబడటం, నంబరు, ఫొటో, ఉండే చోటు బయటపెట్టడం, బెదిరించడం, లైంగికంగా వేధించడం. వీటికి మెట్లు లేవు. ఒక్కసారికే శాశ్వతంగా బయటకు.

బూతును కొలతగా ఎందుకు పెట్టుకోకూడదో ఒక మ్యాచ్ ఊహించి చూపిస్తాను. వాలరెంట్, ఐదుగురి టీమ్, అందరూ తెలుగువాళ్ళే. మూడో రౌండ్‌లో ఒకమ్మాయి మైక్ ఆన్ చేసి ‘బీ మెయిన్‌లో ఇద్దరు’ అని శత్రువులు ఎక్కడున్నారో చెప్తుంది (దీన్నే కాల్‌అవుట్ అంటారు). ‘ఓ, అమ్మాయా!’ అని ఒకడు. ‘గొంతు బాగుంది, ఇంకోసారి చెప్పు’ అని ఇంకొకడు. ఆమె పట్టించుకోకుండా స్పైక్ (ఆటలోని బాంబు) ఎక్కడుందో చెప్తుంది. ‘ఎక్కడుంటావ్, మారతహళ్ళినా? ఏ పీజీ?’ ఆరో రౌండ్‌కు ‘చెప్పవేంటి, పొగరా?’ ఎనిమిదో రౌండ్‌లో ఆమె చనిపోతే ‘వెళ్ళి వంట చేసుకో’. తొమ్మిదో రౌండ్ నుంచి ఆమె గొంతు మళ్ళీ వినబడదు. ఈ మొత్తంలో ఒక్క బూతు మాట లేదు. ఫిల్టర్‌కు ఏదీ దొరకదు. అదే మ్యాచ్‌లో నాలుగో కుర్రాడు గురి తప్పినందుకు తనను తానే పచ్చిగా తిట్టుకుంటాడు, ఫిల్టర్ అతన్ని పట్టుకుంటుంది. క్లిప్ వినే మనిషి చూసేది వేరు. మాట ఎవరి మీదికి వెళ్ళింది, వాళ్ళు తిరిగి నవ్వారా, సమాధానం ఇచ్చారా, ఎక్కడ మౌనం అయ్యారు, ఎక్కడ కాల్‌అవుట్లు ఆగిపోయాయి. ఆ మౌనం మొదలైన చోటు నుంచి వెనక్కి వింటే విషయం దొరుకుతుంది. మీ మోడరేటర్లకు నేర్పాల్సింది ఈ వినడమే.

కంపెనీకి రిపోర్ట్ కొడితే ఏమీ కాలేదన్నారు. ఆమె తప్పేం లేదు. వాయిస్ మీద పర్యవేక్షణ ఈ పరిశ్రమలో ఈ మధ్యనే వచ్చింది, అదీ చాలాచోట్ల ఇంగ్లీషుతో మొదలైంది. రయట్ కంపెనీ వాలరెంట్ వాయిస్‌ను రికార్డ్ చేసి పరీక్షించడం 2022 జూలై 13న ఉత్తర అమెరికాలో, ఇంగ్లీషులో మాత్రమే మొదలుపెట్టింది. కాల్ ఆఫ్ డ్యూటీలో ఏఐతో వాయిస్ వినే వ్యవస్థను 2023 ఆగస్టులో పరీక్షకు పెట్టారు, అదీ ఉత్తర అమెరికాలో ఇంగ్లీషుతోనే. ఆ ఏడాది నవంబరులో మిగతా ప్రపంచానికి విస్తరించినప్పుడు ఆసియాను వదిలేశారు. ఎక్స్‌బాక్స్‌లో 60 సెకన్ల వాయిస్ క్లిప్ పట్టుకుని రిపోర్ట్ చేసే సౌకర్యం 2023లో వచ్చింది, మొదట ఇంగ్లీషు మాట్లాడే దేశాలకే. తెలుగు వాయిస్ ఈ వరుసలో ఎంత వెనక ఉంటుందో ఊహించుకోండి. టెక్స్ట్ కూడా అంతే. మనవాళ్ళు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఒకే బూతుకు పది స్పెల్లింగులు, మధ్యలో అంకెలు, చుక్కలు. మెషీన్ ఒకటి నేర్చుకునేలోపు ఇంకోటి పుడుతుంది. మీ సర్వర్‌లో ఆటోమోడ్ (మాటలను ఆపే ఫిల్టర్) పెట్టుకుంటే ఈ స్పెల్లింగులన్నీ మీరే చేర్చాలి, వారానికోసారి కొత్తవి కలుపుతూ ఉండాలి. అది మొదటి వడపోత మాత్రమే అని గుర్తుంచుకోండి.

అయినా కంపెనీకి రిపోర్ట్ చేయడం మానకండి, తీరు మార్చండి. మ్యాచ్ నడుస్తుండగానో, అయిపోయిన వెంటనేనో కొట్టాలి, ఎందుకంటే వాయిస్ ఎక్కువకాలం నిల్వ ఉండదు. సరైన కేటగిరీ ఎంచుకోవాలి. లైంగిక వేధింపును ‘చెడ్డ ఆట’ కింద పెడితే అది వేరే వరుసలోకి పోతుంది. వివరం రాసే చోట కోపం రాయకండి, ఏ రౌండ్‌లో ఎవరు ఏమన్నారో ఒక వాక్యంలో రాయండి, భాష తెలుగు అని కూడా రాయండి. అది చూస్తే మాలాంటి వాళ్ళ దగ్గరికి చేరే అవకాశం పెరుగుతుంది. విన్నవాళ్ళు ఎవరికి వాళ్ళు విడిగా రిపోర్ట్ చేయాలి. కానీ ఆ మ్యాచ్‌లో లేని యాభై మందిని పోగేసి మూకుమ్మడిగా కొట్టించకండి. రిపోర్ట్ చేసినవాడి పాత రిపోర్టులు ఎంతవరకు నిజమయ్యాయో చూసి బరువు ఇచ్చే పద్ధతులు ఉన్నాయి. అబద్ధపు రిపోర్టులు నిజమైన ఫిర్యాదునే బలహీనం చేస్తాయి.

యాప్ లోపలి రిపోర్ట్ కాకుండా ఇంకో దారి ఉంది, మనవాళ్ళు దాన్ని దాదాపు వాడరు. 2021 ఐటీ నియమాల ప్రకారం ఇలాంటి సేవలు నడిపే కంపెనీలు గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, సంప్రదించే వివరాలు బయట పెట్టాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, నిర్ణీత గడువులో తేల్చాలి. వెబ్‌సైట్ అడుగున వెతికితే ఈమెయిల్ దొరుకుతుంది. అక్కడ తేలకపోతే, 2022 అక్టోబరు సవరణతో వచ్చిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు. ఈమెయిల్‌లో గేమ్ ఐడీ, మ్యాచ్ తేదీ, సమయం, ఇంతకు ముందు కొట్టిన రిపోర్ట్ వివరం పెడితే దాన్ని ఒక మనిషి తెరిచి చూడక తప్పదు.

మీ సర్వర్‌కు తిరిగొస్తే, శిక్ష వేసినప్పుడు కారణం చెప్పకపోవడం అందరూ చేసే పొరపాటు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో 2011లో ట్రిబ్యునల్ అని ఒక పద్ధతి పెట్టారు, ఆటగాళ్ళే చాట్ లాగ్‌లు చదివి ఓటు వేసేవాళ్ళు. 2014లో అది ఆపేశారు. నెమ్మదిగా సాగేది, తప్పు జరిగినప్పటికీ శిక్ష పడినప్పటికీ మధ్య చాలా దూరం ఉండేది. కానీ ఆ రోజుల్లో ఆ కంపెనీ చేసిన పరిశీలనల్లో రెండు సంగతులు బయటపడ్డాయి. ఏ మాటకు శిక్ష పడిందో చాట్‌తో సహా చూపిస్తే చాలామంది మారతారు, ఊరికే బ్యాన్ చేస్తే ఇంకా రెచ్చిపోయి వస్తారు. రెండోది, చెడు మాటల్లో పెద్ద భాగం నిత్యం తిట్టేవాళ్ళది కాదు, మామూలు రోజుల్లో బాగానే ఉండి ఏదో ఒక రోజు హద్దు దాటినవాళ్ళది. మొదటి రెండు మెట్లలో మీరు ఎక్కువగా చూసేది ఈ రెండో రకం వాళ్ళనే. వాళ్ళకు అదే రాత్రి, స్పష్టంగా ఇలా రాయండి: ‘ఈ రాత్రి 11:40కి బీజీఎంఐ రెండో రూమ్‌లో ఫలానా మాట ఒక సభ్యుణ్ణి ఉద్దేశించి మూడుసార్లు అన్నారు. ఇది మన రెండో రూల్‌కు విరుద్ధం. మూడు రోజుల టైమ్‌అవుట్. మంగళవారం రాత్రి మళ్ళీ రావచ్చు. మళ్ళీ జరిగితే వారం. ఇది తప్పనిపిస్తే ఈ ఇద్దరు మోడరేటర్లలో ఒకరికి రాయండి.’ దీనికి మించి ఉపన్యాసం వద్దు. ఫిర్యాదు చేసిన వ్యక్తికి కూడా ‘చర్య తీసుకున్నాం’ అని చెప్పండి. నాకు తెలిసి ఎక్కువ మంది వదిలేసేది ఈ రెండో మెసేజ్‌నే, ఆ ఒక్కటి రాకపోవడంతోనే ‘వీళ్ళేమీ చేయరు’ అన్న పేరు పుడుతుంది.

అతని పేరు, ఫొటో జనరల్ ఛానెల్‌లో పెట్టి అందరితో తిట్టించకండి. ఆఫీసుకో కాలేజీకో ఫోన్ చేయకండి. దానివల్ల ఆమె పేరు కూడా బయటపడుతుంది, రేపు పోలీసు కేసు అయితే అడ్డం తిరుగుతుంది. ఇద్దరూ ఒకే కంపెనీలో పనిచేస్తూ, ఆ వేధింపు ఆఫీసు పెట్టిన గేమ్ నైట్‌లోనో టోర్నమెంట్‌లోనో జరిగితే మాత్రం దారి వేరు. 2013 పోష్ చట్టం (పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల చట్టం) కింద ఆమె కంపెనీ అంతర్గత కమిటీకి మూడు నెలల్లోపు రాయొచ్చు.

కొత్త ఐడీతో వస్తాడన్న భయం నిజమైనదే, పూర్తిగా ఆపలేరు కూడా. తిరిగి రావడాన్ని అతనికి కష్టమైన పని చేయడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. సర్వర్ వెరిఫికేషన్‌ను అత్యున్నత స్థాయిలో పెడితే ఫోన్ నంబరు ధ్రువీకరించనివాళ్ళు మాట్లాడలేరు. కొత్తవాళ్ళకు మొదటి వారం టెక్స్ట్ మాత్రమే, తెలిసిన సభ్యుడు ఒకరు పూచీ పడితేనే వాయిస్ రోల్. అన్నిటికన్నా బాగా పనిచేసేది, స్క్రిమ్స్‌లో (ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో) ఆడాలంటే గేమ్ ఐడీ సర్వర్‌లో నమోదు చేయాలన్న నియమం. డిస్కార్డ్ ఖాతా నిమిషంలో పుడుతుంది. ఏళ్ళ తరబడి ర్యాంకు తెచ్చుకుని, స్కిన్స్ కొనుక్కున్న గేమ్ ఖాతాను ఎవరూ తేలిగ్గా వదులుకోరు. ఆ ఐడీని మీరు బ్లాక్ చేసి, ఇతర తెలుగు సర్వర్ల అడ్మిన్లతో ‘ఈ ఐడీ మా దగ్గర నిషేధం’ అని మాత్రం పంచుకుంటే, కారణాలు, ఆమె వివరాలు ఏవీ చెప్పకుండా, అతనికి నిజంగా ఖర్చు తగులుతుంది.

ఇక పోలీసులు. వెళ్ళొచ్చు, నిర్ణయం ఆమెదే, మీది కాదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఇష్టం లేదని చెప్పిన తర్వాత కూడా ఒక మగవాడు ఒక స్త్రీని పదేపదే సంప్రదించడం, ఆన్‌లైన్‌లో వెంటబడటం 78వ సెక్షన్ కింద నేరం. ఇందుకే పైన ఆ ఒక్క వాక్యం రాసి పంపమన్నాను, ఇష్టం లేదని చెప్పినట్టు రుజువు అదే. లైంగిక అర్థం వచ్చే మాటలకు 75, స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటకు, సైగకు 79, బెదిరింపుకు 351. ఫొటోలు, అసభ్య వీడియోలు ఉంటే ఐటీ చట్టం 66ఈ, 67, 67ఏ. ఎవరైనా 66ఏ అని చెప్తే వినకండి, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. సెక్షన్లు తేల్చేది పోలీసులే, ఫిర్యాదులో జరిగింది వరుసగా, తేదీలతో రాస్తే చాలు.

బెంగళూరులో డివిజన్ల వారీగా సీఈఎన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాల) స్టేషన్లు ఉన్నాయి, సైబర్ నేరాలు చూసేది అవే. ఫిర్యాదు ఇంగ్లీషులో ఇవ్వొచ్చు, కన్నడ రాదని ఆగిపోనక్కర్లేదు. మన పరిధి కాదని తిప్పి పంపితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇచ్చే వీలుంది. ఇంట్లోంచే అయితే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల మీద నేరాలకు విడిగా భాగం ఉంది. 1930 హెల్ప్‌లైన్ ప్రధానంగా డబ్బు మోసాల కోసం, తక్షణ ప్రమాదం ఉంటే 112. అసలు ఫోన్‌ను, అసలు చాట్‌ను చెరపకుండా ఉంచమనండి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ అడుగుతుంది, ఫార్వర్డ్ చేసిన స్క్రీన్‌షాట్ కంటే ఆ ఫోనే గట్టి ఆధారం.

మీ సర్వర్‌లో పద్దెనిమిది నిండనివాళ్ళు ఉన్నారా అన్నది మీరు రాయలేదు. బీజీఎంఐ ఆడే సర్వర్ కాబట్టి ఉండే అవకాశం చాలా ఎక్కువ. పిల్లల మీద లైంగిక మాటలు, సందేశాలు పోక్సో చట్టం కిందికి వస్తాయి, అక్కడ మీ అంతర్గత విచారణలు ఏవీ వద్దు, నేరుగా పోలీసులకు, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి. ఒక విషయం మీ మోడరేటర్లందరికీ తప్పకుండా చెప్పండి. పిల్లల అసభ్య చిత్రం ఏదైనా వచ్చిందా, ఆధారం అనుకుని దాన్ని సేవ్ చేయడం, ఇంకో మోడరేటర్‌కు పంపడం చేయొద్దు. దగ్గర ఉంచుకోవడమే నేరం అవుతుంది. డిస్కార్డ్‌కు అక్కడే రిపోర్ట్ చేసి, లింకు, యూజర్ ఐడీ రాసుకుని, పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

చివరగా, అమ్మాయిలకు విడిగా ఛానెల్. వాళ్ళు అడిగితే వెంటనే పెట్టండి, ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. దాన్నే పరిష్కారం అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. అలా చేస్తే మంచి స్క్రిమ్స్, ర్యాంక్ ఉన్న టీమ్‌మేట్స్, టోర్నమెంట్ ఛాన్సులు అన్నీ ప్రధాన ఛానెళ్ళలోనే ఉండిపోతాయి, ఆమె పక్క గదిలో కూర్చుంటుంది. తప్పు చేసినవాడు ఉన్నచోటే ఉంటాడు, చేయనివాళ్ళు జరగాలి. దాని బదులు శని ఆదివారాల కస్టమ్ రూమ్‌లకు ఒక డ్యూటీ పట్టిక వేయండి. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు, రెండు షిఫ్టులు, ప్రతి షిఫ్టుకూ ఆడకుండా వాయిస్‌లో వింటూ ఉండే ఒక మోడరేటర్. ఆ మోడరేటర్ పేరు ఆ రాత్రి ఛానెల్ పైనే కనబడాలి, ఎవరైనా ‘ఒకసారి రా’ అని రాస్తే రెండు నిమిషాల్లో ఆ రూమ్‌లోకి రావాలి. మీ దగ్గర ఇప్పుడు ఎంతమంది మోడరేటర్లు ఉన్నారో, వాళ్ళలో ఎంతమంది ఆ టీమ్‌లో ఆడతారో రాయండి, పట్టిక ఎలా వేయాలో చూద్దాం.